ఆ కారు నిజాంది కాదు

రోల్స్ రాయిస్ కంపెనీ మొదట్లో దాదాపు నలభై ఏళ్ళు పూర్తి కారు అమ్మనే లేదంటే నమ్ముతారా? వాళ్ళు అమ్మింది ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు గుడి ముఖంలా ఉండే ఆ రేడియేటరు, వీటన్నిటినీ మోసే ఇనుప చట్రం. అంతే. దాన్నే చాసిస్ అంటారు. సీట్లు, తలుపులు, టాపు, లోపలి గుడ్డలు, బయటి రంగు ఇవన్నీ కొనుక్కున్నాయన ఇంకో కంపెనీ దగ్గర చేయించుకోవాలి. ఆ కంపెనీలని కోచ్‌బిల్డర్లు అంటారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు గుర్రపు బగ్గీలు చేసినవాళ్ళే. లండన్‌లో బార్కర్ అనే కంపెనీ 1710 నుంచి బగ్గీలు చేస్తూ వచ్చి, కార్లు రాగానే వాటికి బాడీలు కట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడే ఒక చిక్కుంది. చాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో బాడీ పీకేసి వేరేది పెట్టించారు. యాభై ఏళ్ళ తర్వాత ఇంకెవరో ఇంజను మార్చారు. ఇప్పుడు మన ముందున్నది ఏ కారు?

మన సీఎస్‌ఈ వాళ్ళకి ఇది కొత్త ప్రశ్నేం కాదు. డేటాబేస్ క్లాసులో చెప్పే ప్రైమరీ కీ ఇదే. మనిషి పేరు మారొచ్చు, అడ్రస్ మారొచ్చు, ఫోన్ నంబర్ మారొచ్చు, రోల్ నంబర్ మారదు. పాత కార్లలో ఆ రోల్ నంబరే చాసిస్ నంబర్. రోల్స్ రాయిస్ వాళ్ళు ప్రతి చాసిస్‌కీ ఒక కార్డు రాసి పెట్టేవారు. ఎవరు ఆర్డర్ ఇచ్చారు, బాడీ ఎవరు కట్టారు, ఎప్పుడు టెస్ట్ చేశారు, కొనేవాళ్ళు ప్రత్యేకంగా ఏం అడిగారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ కార్డులు ఇప్పటికీ ఇంగ్లండ్‌లో పాలర్స్‌పరీ అనే ఊళ్ళో రోల్స్ రాయిస్ అభిమానుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి. వందేళ్ళ కిందటి కారు నంబర్ చెప్పి డబ్బులు కడితే కాపీ తీసి ఇస్తారు. మన దగ్గర పదేళ్ళ కిందటి మార్కుల మెమో తీయించుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి ఇది ఎంత గొప్ప విషయమో అర్థమవుతుంది.

నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి కదా. మాది సుబేదారి. మా ఇంట్లో ఒక ఫొటో ఉంది.

బ్లాక్ అండ్ వైట్ ఫొటో, అరచేయి కంటే కొంచెం పెద్దది. కింది అంచు చెదలు తినేశాయి. కమాన్ల వరండా ముందు ఒక కారు, కారు పక్కన తలపాగా పెట్టుకుని మా ముత్తాత, అంటే మా నాయినమ్మ వాళ్ళ నాయిన. కుడిచేయి మడ్‌గార్డ్ మీద పెట్టి నిటారుగా నిల్చున్నాడు. ఆ కారు నిజాం ప్రభువుల రోల్స్ రాయిస్ అనీ, దాన్ని నడిపింది ముత్తాతేననీ మా తాత చెప్పేవాడు. తాత పోయాక చిన్నాన్న చెప్తున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు ఆ ఫొటో వస్తుంది. నాయినమ్మ పక్కనే కూర్చుని వింటుంది. ఏమీ అనదు.

పోయిన సంక్రాంతికి మా తమ్ముడు (చిన్నాన్న కొడుకు, ఇంటర్) ఆ ఫొటోని ఫోన్‌లో తీసి ఒక ఏఐ యాప్‌లో వేశాడు. పాత ఫొటోని బాగుచేసి రంగులు వేసే యాప్. ఇరవై సెకన్లలో ముత్తాత గులాబీ రంగు తలపాగాతో మెరిసిపోయాడు. కారు పసుప్పచ్చగా అయింది. చెదలు తిన్న కింది భాగంలో కొత్త చక్రాలు, నేల మీద గడ్డి మొలిచాయి. అన్నిటికంటే వింత, రేడియేటర్ మీద రెక్కలు చాచిన ఆడబొమ్మ వచ్చి నిల్చుంది. రోల్స్ రాయిస్ కార్ల మీద ఉండే బొమ్మే. దాన్ని చార్లెస్ సైక్స్ అనే శిల్పి 1911లో చేశాడు. మా ఫొటోలో అది లేదు. భూతద్దం పెట్టి చూసినా లేదు.

ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం దండాల ఎమోజీలు వరదలా వచ్చాయి. సాయంత్రానికి అదే గ్రూప్ డీపీ అయింది.

ఆ రోజే ఎవరో ఇంకో ఫార్వర్డ్ కూడా పంపారు. పాత కారు, ముందు చక్రాల దగ్గర చీపుర్లు కట్టి ఉన్నాయి. "లండన్ షోరూంలో అవమానిస్తే నిజాం రోల్స్ రాయిస్‌లు కొని చెత్త ఊడ్పించాడు" అని కింద రాత. మీ గ్రూపుల్లో కూడా వచ్చే ఉంటుంది. ఈ కథ అల్వర్ మహారాజు పేరు మీద ఉంది, భరత్‌పూర్ మీద ఉంది, పాటియాలా మీద ఉంది, మనకొచ్చేసరికి నిజాం. టెంప్లేట్ ఒక్కటే, వేరియబుల్ మారుతుంది. అసలు ఆ చీపుర్ల ఫొటోలు 1936 పాలస్తీనావి. అప్పటి గొడవల్లో రోడ్ల మీద మేకులు చల్లేవాళ్ళు. టైర్లు పంక్చర్ కాకుండా కార్ల ముందు చీపుర్లు కట్టుకున్నారు. నిజాంకీ దానికీ సంబంధం లేదు.

నిజాం అసలు కారు ఎలా ఉంటుందో చూద్దామని మేం ముగ్గురం ఒక శనివారం కాజీపేటలో రైలెక్కాం. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర ఖిల్వత్‌లో చౌమహల్లా ప్యాలెస్ ఉంది కదా, అక్కడుంది. 1912 నాటి రోల్స్ రాయిస్, బార్కర్ వాళ్ళు బాడీ కట్టింది. పసుపు రంగు. నిజంగానే పసుపు! మా తమ్ముడి యాప్‌కి ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. వెనక సీటు మామూలు సీటు కాదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. అందుకే దాన్ని థ్రోన్ కార్ అంటారు. ఊరేగింపులో జనానికి ప్రభువు కనపడాలి కదా. ఇప్పుడు అద్దాల వెనక పెట్టారు. అందరూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. నేను కిందికి వంగి చట్రం వైపు చూస్తుంటే సెక్యూరిటీ ఆయన అనుమానంగా చూశాడు.

ఆ కారుకి కూడా ఒక ఐడెంటిటీ చిక్కు ఉంది. ఆర్డర్ పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911 ఆగస్టులో చనిపోయాడు. కారు వచ్చేసరికి గద్దె మీద ఉన్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. కారు తండ్రిది, సింహాసనం కొడుకుది.

పేరు సంగతి ఇంకా తమాషా. దాన్ని సిల్వర్ ఘోస్ట్ అంటున్నాం. కానీ ఆ మోడల్ అసలు పేరు 40/50 హార్స్‌పవర్. సిల్వర్ ఘోస్ట్ అన్నది మొదట ఒకే ఒక్క కారు పేరు. 1907లో కంపెనీ తన ప్రచారం కోసం ఒక కారుకి వెండి రంగు వేయించి ఆ పేరు పెట్టింది. చాసిస్ నంబర్ 60551, రిజిస్ట్రేషన్ ఏఎక్స్ 201. తర్వాత 1925లో ఫాంటమ్ వచ్చింది. కొత్తదాన్నీ పాతదాన్నీ వేరుగా చెప్పడానికి పాత మోడల్ మొత్తానికీ ఆ ఒక్క కారు పేరు అంటగట్టారు. అంటే మన థ్రోన్ కార్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు దాని మోడల్ పేరు సిల్వర్ ఘోస్ట్ కాదు. పుట్టిన పదమూడేళ్ళకి పేరు పెట్టారన్నమాట.

ఇంకో సంగతి. ఆ కారు దశాబ్దాల్లో నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెప్తారు. రైల్లో వచ్చేటప్పుడు లెక్క వేశా. నాలుగు వందల మైళ్ళంటే దాదాపు 640 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి హనుమకొండ వచ్చిపోతే 290 దాకా అవుతుంది. రెండుసార్లు మన ఊరొచ్చి వెళ్తే మీటర్ అయిపోయినట్టే. మిగతా కాలమంతా హైదరాబాద్‌లో పండగలకీ పబ్బాలకీ గ్యారేజ్ నుంచి గేటు దాకా తిరిగిందన్నమాట. ఆ కారు మా ముత్తాత కోసం సుబేదారి దాకా వచ్చి ఉండదు.

సరే, మరి మా ఫొటోలో ఉన్నది ఏంటి?

నేను మెకానికల్ కాదు. కానీ పాత కార్లు గుర్తుపట్టడానికి మెకానికల్ అక్కర్లేదు, ఓపిక కావాలి. ఫొటోని లైబ్రరీలో స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐలో స్కాన్ చేశా. ముందు రేడియేటర్ చూడాలి. రోల్స్ రాయిస్ రేడియేటర్ పైన త్రికోణం, కింద నిలువు గీతలు, పదునైన అంచులు. గ్రీకు గుడి నమూనా అది. గీతలు కంటికి తిన్నగా కనపడటం కోసం వాటిని కావాలనే కొంచెం వంపు తిప్పుతారు. మా ఫొటోలో రేడియేటర్ పైభాగం గుండ్రంగా ఉంది. ఇక్కడితోనే రోల్స్ రాయిస్ పని అయిపోయింది.

రెండోది చక్రం. చెదలు తినకుండా మిగిలిన వెనక చక్రంలో మధ్యన చిన్న మూత, దాని చుట్టూ నట్లు కనపడుతున్నాయి. మూడోది రెండు హెడ్‌లైట్లనీ కలుపుతూ వెళ్ళే కడ్డీ, మధ్యలో విల్లులా కిందికి వంగి ఉంది. నాలుగోదే నాకు రాత్రి ఒంటిగంటకి మంచం మీద లేపి కూర్చోబెట్టింది. ముందు అద్దానికి సరిగ్గా ముందు, బానెట్ ముగిసే చోట ఒక గుండ్రటి మూత. అది పెట్రోల్ మూత. పెట్రోల్ ట్యాంక్ డ్రైవర్ కాళ్ళ ముందు, అద్దం కింద ఉండే కారు ఒకటుంది. ఫోర్డ్ మోడల్ ఏ.

1928 మోడల్ నుంచి 1931 దాకా తయారైంది. మొత్తం 48 లక్షలకు పైగా. ఒక్కొక్కటి కొలత తీసి కట్టిన రోల్స్ రాయిస్ ఎక్కడ, అచ్చులో పోసినట్టు వచ్చిన ఈ ఫోర్డ్ ఎక్కడ! మన దేశంలో ఫోర్డ్ 1926లోనే కంపెనీ పెట్టింది. కెనడా నుంచి విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. జిల్లా ఆఫీసుల్లో, పెద్ద వ్యాపారుల ఇళ్ళల్లో, డాక్టర్ల దగ్గర ఉండే బండి అది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే బొలెరో.

బొలెరో అనగానే మా రూమ్మేట్ ఒక్కటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇప్పుడు ఇంటికెళ్ళి చెప్పాలి.

దానికి ముందు ఇంకో ఆధారం దొరికింది. ఫొటో ఉండే ఇనప్పెట్టెలోనే ఒక కాగితం ఉంది. ఉర్దూ. మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను ఇంగ్లీష్ మీడియం. తెలుగే ఈ క్లబ్‌లో చేరాక కూడబలుక్కుని రాస్తున్నా, ఇక ఉర్దూ ఎక్కడ? కాగితం మీద నాకు అర్థమైంది ఒక్క సంఖ్య, అదీ ఉర్దూ అంకెల చార్ట్ పక్కన పెట్టుకుంటే. 1346. క్రీస్తుశకం అనుకుంటే కాకతీయుల రాజ్యం పోయిన ఇరవై మూడేళ్ళకే సుబేదారిలో ఫోర్డ్ కారు తిరిగినట్టు.

మా గల్లీలో రిటైరైన ఉర్దూ సార్ ఒకాయన ఉన్నారు. ఆయన దగ్గరికి తీసుకెళ్తే కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇది ఫస్లీ సాల్ బాబూ" అన్నారు. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఫస్లీ లెక్కలోనే. నెలలు కూడా ఆజూర్, దై, బహ్మన్ అంటూ పారశీకం పేర్లు. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందట. అంటే 1936-37. అప్పుడు సుబేదారి నిజంగానే సుబేదారి. వరంగల్ సుబాకి సుబేదార్ ఇక్కడ కూర్చునేవాడు కాబట్టే ఈ పేరు. ఇప్పుడు మనం ఆటోవాడికి చెప్పే స్టాపు పేరు ఒకప్పుడు ఒక ఉద్యోగం పేరు.

సార్ ఆ గొలుసుకట్టు రాతని వేలితో గీస్తూ చదివారు. ముత్తాత పేరు ఉంది. వాళ్ళ నాయిన పేరు ఉంది. తర్వాత ఒక మాట దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. "క్లీనర్" అన్నారు. "సర్కారీ మోటర్ క్లీనర్. డ్రైవర్ అని లేదు." జీతం రాసిన చోట చెద తిన్నది.

కాబట్టి లెక్క ఇలా తేలింది. కారు రోల్స్ రాయిస్ కాదు, ఫోర్డ్. కారు నిజాంది కాదు, ఆఫీసుది. అప్పటికే కనీసం ఐదేళ్ళ పాతది. ముత్తాత డ్రైవర్ కాదు, తుడిచే మనిషి.

నాకు ఇది తెలిశాక వారం రోజులు ఇంట్లో చెప్పలేదు. నాయినమ్మకి ఎనభై ఆరు. ఉన్న ఒక్క గొప్ప మీద నేను నీళ్ళు పోసినట్టవుతుందేమో అనిపించింది. ఆ వారంలో చదివిందే ఒక బెంట్లీ కారు కథ. ఓల్డ్ నంబర్ వన్ అని దాని పేరు. 1929లో, 1930లో వరుసగా రెండుసార్లు ఫ్రాన్స్‌లో లె మాన్స్ ఇరవై నాలుగు గంటల రేసు గెలిచింది. 1932లో ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గట్టుదాటి పడిపోయింది, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. తర్వాత దాన్ని మళ్ళీ కట్టారు. ఇంజను మారింది, చట్రం మారింది, బాడీ ఎన్నిసార్లు మారిందో. కోటి పౌండ్లకి కొంటామని ఒప్పుకున్న కంపెనీ ఒకటి తర్వాత వెనక్కి తగ్గింది. గెలిచిన కారు తాలూకు ఇనుము ఇందులో ఎంత మిగిలింది, ఇది ఆ కారే కాదు అని వాదన. లండన్ హైకోర్టు దాకా వెళ్ళింది. 1990లో జడ్జి ఒటన్ తీర్పు చెప్పాడు. ఇది మొదటి రోజు బయటికొచ్చిన అదే కారు కాదు, అలాగని నకలూ కాదు. మధ్యలో ఎక్కడా చరిత్ర తెగిపోలేదు, ఒక కారు ఆగి ఇంకో కారు మొదలవలేదు, కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్.

చదివినప్పుడు నాకు ఈ తీర్పు చాలా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. కానీ మన దేశం రూల్ వేరే దారిలో వెళ్తుంది. 2021లో కేంద్రం పాత బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపం మారకూడదు, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి. నంబర్ ప్లేట్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. రోజూ ఆఫీసుకు వేసుకెళ్ళడానికి కుదరదు. ఆ జడ్జిగారు కాగితాలూ చరిత్రా చూశాడు, మనవాళ్ళు రూపం చూస్తారు. నా ఉద్దేశంలో రూపం మీద నమ్మకం పెట్టుకోవడం ప్రమాదం. రూపం ఎంత తేలిగ్గా మారుతుందో మా తమ్ముడి యాప్ చూపించింది కదా. బయట మార్కెట్లో కూడా ఇదే జరిగింది. పాత రోల్స్ రాయిస్‌ల మీద ఉన్న పెట్టెలాంటి మూసిన బాడీలు పీకేసి, టాపు లేని అందమైన బాడీలు కట్టి అమ్మారు. వాటికి రేటు ఎక్కువ కాబట్టి. చూడటానికి అచ్చం అప్పటి కారే. కార్డు తీస్తే బయటపడుతుంది.

ఎనిమిదో రోజు నాయినమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నా.

"నాయినమ్మా, ఫొటోల ఉన్నది రోల్స్ రాయిస్ గాదట."

"మరేందట?"

"ఫోర్డ్."

"ఫోర్డే. మా నాయిన ఫోర్డు మోటరనే అనేటోడు." ఆమె చేతులు ఆగలేదు.

నాకు ఒక నిమిషం మాట రాలేదు. మరి నిజాం కారని ఎవరన్నారని అడిగా.

"నా పెండ్లి మాటలప్పుడు మా మేనమామ అన్నడు. నిజాం మోటరు నడిపేటోని బిడ్డ అంటే కట్నం కాడ జర మెత్తగైతరని. మీ తాత నిజమనుకున్నడు. ఊరంత చెప్పుకున్నడు పాపం. మగోళ్ళు మాట్లాడుతుంటే నడుమ నేనేం జెప్త బిడ్డా?"

డెబ్బై ఏళ్ళు. చాయ్ కంటే ముందు ఫొటో వచ్చిన ప్రతిసారీ ఆమె పక్కనే ఉంది.

ఫోన్‌లో ఏఐ ఫొటో చూపించా, రంగులు బాగున్నాయా అని. దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూసింది. "ఈన ఎవలు?" అంది.

నేను ముత్తాతే అన్నా. కాదంది. "మా నాయిన చెయ్యి గిట్లుండదు." లోపలికెళ్ళి అసలు ఫొటో తెచ్చి మడ్‌గార్డ్ మీదున్న చేయి చూపించింది. అన్ని రోజులు నట్లూ మూతలూ చూసిన నేను ఆ చేతిని చూడనే లేదు. మణికట్టు దగ్గర చేయి పక్కకి వంకరగా ఉంది. చేయి అలా పెట్టాడనుకుంటాం, కానీ అది పెట్టుకోవడం కాదు, అతుక్కోవడం.

చలికాలం పొద్దున బండి స్టార్ట్ కాకపోయేదట. బ్యాటరీ దిగిపోతే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి. తిప్పేది క్లీనరే. ఒకరోజు నడిపేవాడు లోపల కూర్చుని స్టీరింగు కింద లివర్ పైకి పెట్టాల్సింది కిందికి లాగి ఉంచాడు. హ్యాండిల్ ఎదురు తన్ని ఎముక విరిగింది. నాటు వైద్యుడు కట్టు కట్టాడు, సరిగ్గా అతకలేదు. ఈమె పుట్టకముందు సంగతి అది. ఆ చేత్తోనే ఆమెను ఎత్తుకునేవాడట.

నేను ఆ రాత్రి వెతికి చూశా. మోడల్ ఏ కారులో స్టీరింగు ఎడమవైపు ఒక చిన్న లివర్ ఉంటుంది. స్పార్క్ ముందు పడాలా ఆలస్యంగా పడాలా అన్నది దానితో డ్రైవరే పెట్టాలి. పైకి ఉంటే ఆలస్యం, కిందికి లాగితే ముందు. స్టార్ట్ చేసేటప్పుడు పైకి ఉండాలి. కిందికి ఉంటే పిస్టన్ పైకి రాకముందే పెట్రోల్ అంటుకుని ఇంజను వెనక్కి తిరుగుతుంది, దానితోపాటు హ్యాండిల్ కూడా. అప్పట్లో చేతులు విరగడం ప్రపంచమంతా ఉన్నదే. మాన్యువల్‌లో ఉన్న విషయాన్ని బడికి పోని మా నాయినమ్మ పైకీ కిందికీ తేడా లేకుండా కరెక్ట్‌గా చెప్పింది.

ఏఐ ఫొటో మళ్ళీ తీసి చూశా. అందులో చేయి తిన్నగా ఉంది. ఆ మోడల్ తప్పు కూడా ఏం లేదు. లక్షల చేతులు చూసింది, చేయి ఇలా ఉండదు, ఇది నాయిస్ అనుకుని సరిచేసింది. తలపాగా, కమాన్లు, పాత కారు ఉంటే రోల్స్ రాయిస్ అయి ఉంటుందనుకుని బొమ్మ పెట్టింది. మా మేనతాత కూడా డెబ్బై ఏళ్ళ కింద అచ్చం ఇదే పని చేశాడు, జీపీయూ లేకుండా.

పాలర్స్‌పరీలో ఉన్న కార్డుల గురించి మళ్ళీ ఆలోచిస్తే ఒకటి తట్టింది. అందులో కొన్నవాడి పేరు ఉంటుంది, బాడీ కట్టిన కంపెనీ పేరు ఉంటుంది. హ్యాండిల్ తిప్పినవాడి పేరుకి గడి లేదు. చౌమహల్లాలో అద్దాల వెనక ఉన్న ఆ పసుపు కారుని కూడా ఎవరో ఒకరు పొద్దున్నే తుడిచి ఉంటారు. ఫోర్డ్ మోడల్ ఏలో అయితే ఇంజను మీద కొట్టిన నంబర్ చట్రం మీద కూడా కొడతారు, కానీ ఆ చట్రం నంబర్ బాడీ కింద దాగి ఉంటుంది, బాడీ ఎత్తితే తప్ప కనపడదు. మా ముత్తాత నంబర్ ఇనప్పెట్టెలో, ఉర్దూలో ఉండిపోయింది.

చిన్నాన్నకి చెప్తే బాగా కోపం వచ్చింది. "ఉన్న పేరు ఎందుకు చెడగొడుతవ్ రా? ఎవరికి నష్టం?" అన్నాడు. నా దగ్గర గట్టి జవాబు లేదు. చేయి చూపించా. చాలాసేపు చూశాడు. "ఇది నాకెప్పుడూ చెప్పలే అమ్మ" అన్నాడు, ఎవరి మీద కోపమో తెలియని గొంతుతో. గ్రూప్ డీపీ మాత్రం ఇంకా పసుపు కారే. మార్చమని నేనూ అడగలేదు.

అసలు ఫొటోని యాసిడ్ లేని కాగితంలో చుట్టి పెట్టాం. వెనక అతికించడానికి చీటీ రాస్తుంటే నాయినమ్మ చదివి వినిపించమంది. "ఫోర్డ్ మోడల్ ఏ, సుబేదారి, హనుమకొండ, 1936 ప్రాంతం" అని మొదలుపెట్టా. "ముందుగాల మనిషిని రాయి" అంది. చించేసి మళ్ళీ రాశా. ముత్తాత పేరు, వాళ్ళ నాయిన పేరు, సర్కారీ మోటర్ క్లీనర్, కుడిచేయి విరిగింది హ్యాండిల్ తన్ని. కారు చివర్లో.

ఇంకా తేలనిది నంబర్ ప్లేట్. ఇప్పుడైతే ప్లేట్ చూడగానే చెప్పేస్తాం, ఏపీ 36 అంటే పాత వరంగల్ బండి, టీఎస్ 03 అంటే రాష్ట్రం వచ్చాక మన హనుమకొండది అని. మా ఫొటోలో ప్లేట్ ఉండాల్సిన చోటే చెదలు తిన్నాయి. కానీ ఆ కారు ఇంకో ఫొటోలో పడకుండా ఉంటుందా? సుబేదారి, కిషన్‌పుర, నక్కలగుట్ట, హనుమకొండ చౌరస్తా వైపు పాత ఇళ్ళవాళ్ళు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. ఇంట్లో పెళ్ళి ఫొటోల వెనకో, అటక మీద డబ్బాలోనో పాత కారు ఫొటో ఉంటే ఒకసారి చూడండి. రేడియేటర్ పైన గుండ్రంగా ఉందా, లైట్ల మధ్య కడ్డీ వంగి ఉందా, అద్దం ముందు మూత ఉందా. ఉంటే స్కాన్ చేసి క్లబ్ మెయిల్‌కి పంపండి. యాప్‌లో వేయకుండా, ఉన్నది ఉన్నట్టు.